ఎప్పటిసంది అని ఒక్కరూ అడగలేదు

నా ఎడమకాలు పుట్టుకతోనే పెద్దది. కుడికాలు కంటె లావు, కుడికాలు కంటె పొడుగు. తొడ పక్కన అరచేయంత ఎర్రమచ్చ. మోకాలి కింద తాళ్లలెక్క ఉబ్బిన నరాలు. ఇది చెప్పుకోవడానికి నాకిప్పుడు సిగ్గు లేదు. ఒకప్పుడు ఉండేది. ఆ సిగ్గు నాది కాదని, ఎవరో తెచ్చి నా మీద, మా అవ్వ మీద పడేసిందని తెలుసుకునేసరికి ముప్పై మూడేళ్లు పట్టింది. ఆ ముప్పై మూడేళ్ల లెక్క అడగడానికే ఇది రాస్తున్న.

ఈ పుస్తకానికి నా కాలు గురించి రాస్తానంటె ఒక మిత్రుడు అన్నాడు: "అది నీ సొంత సంగతి గదనే. కులం సంగతి రాయి." కాలు వేరు, కులం వేరు అని అతని లెక్క. మంచిదే. చదివినంక ఆ రెంటినీ విడదీసి చూపించమనండి. నాకైతే చేతకాలేదు.

నేను 1980ల పుట్టిన. జగిత్యాల దిక్కు ఒక ఊరు. ఊరికి తూర్పున, మోరి నీళ్లన్నీ వచ్చి ఆగేకాడ మా మాదిగవాడ. మా అవ్వ తల్లిగారిల్లు గోదావరి అవతల, అప్పటి ఆదిలాబాద్ జిల్లా లక్షెట్టిపేట దిక్కు. బాపు తోలుపని చేసేది. వాడ వెనుక లంద, లందల తంగేడు చెక్క నీళ్లు, ఇంట్ల రంపె, ఆరె. ఆ వాసన మా ఒంటి మీదనే ఉంటదని ఊరోళ్లు ముక్కు మూసుకునేది. ఆ తోలుతో కుట్టిన చెప్పులు తొడిగేటప్పుడు మాత్రం మూసుకోలేదు.

అవ్వకు నేను కడుపుల పడి ఐదో నెల. 1980 ఫిబ్రవరి 16, శనివారం, అమాస. ఆ పగటిపూట సూర్యగ్రహణం పట్టింది. దక్షిణాన పూర్తిగా పట్టింది. హైదరాబాదు దగ్గర జపాల్-రంగాపూర్‌ల ఉన్న ఉస్మానియా విశ్వవిద్యాలయం వేధశాల కాడ శాస్త్రవేత్తలు దుర్బిణీలు పెట్టుకొని చూశారు. మా దిక్కు సూర్యుడు కొంచెం మిగిలిండు. అయినా ఊరు ఊరంతా తలుపులు మూసుకుంది. కడుపుతో ఉన్న ఆడోళ్లనైతే కదలనియ్యలేదు. గ్రహణంపూట ఏదన్న కోస్తె కడుపుల బిడ్డ అంగం చెడుతదని మాట.

ఆ రోజే దొర మోటబావి తొండెం పిగిలింది. యాసంగి వరి పొట్టకొచ్చే కాలం. "నీళ్లు ఆగితె పొలం ఎండుతది. పొద్దూకేసరికి తొండెం కావాలె" అని జీతగాన్ని తోలిండు. గ్రహణం విడిచినంక కుడ్తనని బాపు బతిమిలాడిండు. "దొర మాట గ్రహణం ఎరుగది" అన్నడట జీతగాడు. బాపు రంపె పట్టి తోలు కోసిండు. రెండో కొస పట్టెటోళ్లు లేక అవ్వ పట్టింది. ఊర్ల తలుపులన్నీ మూసి ఉన్న ఆ పగలు తెరిచి ఉన్న తలుపు మాదొక్కటే.

మిరుగం ఎల్లినంక నేను పుట్టిన. మంత్రసాని బట్ట తీసి నా కాలు చూసి అరిచిందట. వారం తిరగకముందే తీర్పు వచ్చింది. గ్రహణం నాడు తోలు కోసింది గనుక కొడుక్కు కాలు చెడింది. అయ్యగారు వాడకు రాలేదు. ఊరి బొడ్రాయి కాడ నిలబడి, నన్ను దూరంనుంచి చూపించుకొని, గ్రహణం ఒక్కటే కాదన్నడు. పూర్వజన్మల పాపం గూడ ఉందన్నడు. దొరింట్ల ఆడోళ్లు అవ్వను నాట్లకు పిలుసుడు బందు పెట్టిన్రు, ఆమె చెయ్యి మంచిది కాదని.

అయ్యా, నాదొక ప్రశ్న. తొండెం ఎవరిది? బావి ఎవరిది? పొలం ఎవరిది? నీళ్లు పారింది దొర పొలానికి. పాపం మాత్రం మా అవ్వ కడుపుల పారింది. ఇది ఏ లెక్కల పుస్తకం?

ఆ పుస్తకం ఏదో తర్వాత దొరికింది. మనుస్మృతి పదకొండో అధ్యాయంల ఏ పాపానికి ఏ రోగమో పట్టీ ఉంది. పోయిన జన్మల బంగారం దొంగిలిస్తె గోర్లు చెడిపోతయట. గుర్రం దొంగిలిస్తె కుంటోడై పుడుతడట. మా తాతల తాతలకు గుర్రమెక్కే బతుకు ఎన్నడన్న ఉండెనా? ఊరి నడుమ చెప్పులు తొడుక్కొని నడువనియ్యనోళ్లు గుర్రం దొంగతనం మా మీద రాసిన్రు. రోగానికి పోయిన జన్మ, కులానికి పోయిన జన్మ. కండ్లముందున్న మనిషిని ఏమీ అడగకుండ, కనపడని జన్మలోనుంచి జవాబు తెచ్చి చేతుల పెట్టుడు. అంబేద్కర్ 1927 డిసెంబర్ 25న మహద్‌ల ఆ పుస్తకాన్ని ఎందుకు కాల్చిండో నాకు ఉపన్యాసాలల్ల అర్థం కాలేదు. నా కాలు చూసుకుంటె అర్థమైంది.

ఇగ బాపు సంగతి. బాపుకు చదువు రాదు. కాళ్లు తెలుసు. ఊర్ల ఎవరి పాదం ఎంతుందో, ఎవరు మడిమె ఒత్తి నడుస్తరో, ఎవరి బొటనవేలు లోపలికి వంగిందో ఆయనకు ఎరుక. మా దిక్కు బోదకాళ్లు ఎక్కువ. అప్పటి కరీంనగర్ జిల్లా బోదవ్యాధి జిల్లా అని సర్కారు లెక్కలల్ల ఉండేదే. మురికినీళ్లల్ల పెరిగే క్యూలెక్స్ దోమ ఆ పురుగును ఒకరి నెత్తురు నుంచి ఇంకొకరికి మోస్తది. ఊరి మురికి మా వాడల ఆగుతది గనుక దోమలు మాకే ఎక్కువ. ఆ రోగానికి కులం లేదు గని ఆ మోరికి ఉంది. ఊర్ల ఐదారుగురు బోదకాళ్లోళ్లకు అంగట్ల చెప్పులు దొరకక బాపే కుట్టేది.

నాకు నడక వచ్చినకాడినుంచి బాపు ప్రతి దసరాకు నన్ను సిమెంటు సంచి కాగితం మీద నిలబెట్టి రెండు పాదాల చుట్టు బొగ్గుతో గీసేది. రెండు అచ్చులు రెండు తీర్లు. ఎడమదానికి పెద్ద చెప్పు, కుడిదానికి చిన్న చెప్పు. పొడుగు తేడాకు నడుము వంకర పోతదని కుడి చెప్పు కింద తోలు పొరలు పెట్టేది. మొదలు ఒక పొర. నేను బడికి పోయేసరికి రెండు. ఏడో తరగతికి నాలుగు. ఆ కాగితాలు పారెయ్యలేదు. మడతపెట్టి దూలం సందుల చెక్కేది. మా అక్క బడికి పోతుండె గనుక ఒక్కొక్కదాని మీద ఏ సాలుదో రాసిపెట్టేది.

నా ఎనిమిదో ఏట, 1988ల, బాపు నన్ను టౌన్ల దవఖానకు తీస్కపోయిండు. ఏ దవఖానో చెప్పను. ఒక్క దవఖాన కథయితే పేరు పెట్టి రాద్దును. డాక్టరు కుర్చీలోనుంచి లేవలేదు. పెన్ను కొసతో నా లుంగీ ఎత్తించి చూసిండు.

"బోదకాలు."

బాపు చేతులు కట్టుకొని అన్నడు: "దొరా, బోదకాలు గిట్లుండది. బోదకాలు మీదికి ఉబ్బుతది, పాదం పొడుగు పెరగది. మొదట్ల వేలు నొక్కితె గుంట పడుతది. పొద్దున తగ్గుతది, పొద్దూకితె పెరుగుతది. వీని కాలు గట్ల లేదు. ఎముకనే పెరుగుతుంది. నేను చెప్పులు కుట్టెటోన్ని, నాకెరుక."

"అయితె చెప్పులే కుట్టుకో పో. వైద్యం నేను చేస్త" అన్నడు. పక్కన కంపౌండరు నవ్విండు. చీటీ మీద హెట్రజాన్ గోలీలు రాసిండు.

మిత్రులారా, బాపు చెప్పింది అక్షరం అక్షరం నిజం. ఏ వైద్య పుస్తకం తీసినా అదే ఉంటది. బోదవ్యాధి పుట్టుకతో రాదు. దోమలు నెలలు, ఏండ్లు కుట్టంగ కుట్టంగ పురుగు లోపల చేరాలె, లింఫు నాళాలు చెడాలె, ఆ తర్వాత ఎప్పటికో కాలు వాస్తది. అది ఎముకను పొడుగు చెయ్యది. పుట్టిన నాడే పెద్దగున్న కాలు బోదకాలు కాదని తెలుసుకోవడానికి మిషను అక్కరలేదు. "ఎప్పటిసంది?" అని ఒక్క మాట అడిగితె చాలు. ఆ మాట మా అవ్వను అడగాలె. అడిగి, ఒక మాదిగామె చెప్పింది నమ్మాలె. అక్కడనే ఆగిపోయింది వైద్యం.

రాత్రిపూట నెత్తురు చూసేటోళ్లు వాడకు వచ్చేది. ఆ పురుగు పిల్లలు రాత్రే నెత్తుట్ల తిరుగుతయి గనుక రాత్రే రావాలె. లాంతరు పెట్టుకొని ఇంటింటికీ తిరిగి వేలు గుచ్చి గాజుపలక మీద నెత్తురు చుక్క పెట్టుకొని పోయేది. నాది మూడుసార్లు తీసుకున్నరు. మూడుసార్లూ పురుగు లేదన్నరు. పురుగు లేదు గనుక జబ్బు వేరే ఏమన్న ఉందా అని ఒక్కరికీ అనుమానం రాలేదు. గోలీలు మాత్రం ఇచ్చిన్రు. నేను మింగిన. ఐదేండ్లు మింగిన.

ఇంకొక డాక్టరు అవ్వనూ బాపునూ చూసి "మేనరికమా?" అన్నడు. అవునన్నరు. "అదే మరి" అని చెయ్యి దులుపుకున్నడు. గ్రహణం, పాపం, మేనరికం. మూడు తీర్పులు. మూడింటిలోనూ దోషి మా అవ్వే.

1993ల ఇంకొక ఆయన కాలు మోకాలి పైకి తీసేద్దామన్నడు. పదమూడేండ్లోన్ని నేను పక్కనే ఉన్న. నన్ను చూడకుండ, బర్రె గురించి మాట్లాడినట్టు బాపుతో మాట్లాడిండు. బాపు నన్ను భుజం మీద వేసుకొని బయటికి వచ్చిండు. బస్టాండుల కూసోబెట్టి, "నా కొడుకు కాలుకు నేను చెప్పు కుడ్త. కోసుడెందుకు?" అని తనలో తనే అనుకున్నడు. ఆ దినం ఆయన నన్ను భుజం మీదనుంచి దించకపోతె బాగుండనుకున్న.

తర్వాత తెలిసిన సంగతి ఒకటుంది. ఎముకలు ఎదిగే వయసుల పొడుగు కాలు మోకాలి దగ్గర ఎముక పెరిగే చోటును చిన్న ఆపరేషన్‌తో ఆపుతరు. రెండోకాలు అందుకుంటది. సమయం చూసి చేస్తె కాళ్లు దాదాపు సమానమైతయి. ఎదుగుదల ఆగినంక ఆ దారి మూసుకపోతది. బోదకాలు గోలీలు మింగిన ఆ ఐదేండ్లు, కాలు కోస్తమన్న ఆ సాలు, ఆ దారి తెరిచే ఉంది. ఎవరూ చూపియ్యలేదు.

హాస్టల్ల నా పేరు "ఏనుగుకాలు". వార్డెను హాజరు పిలిచేటప్పుడు గూడ అదే. అక్కడనే అంబేద్కర్ బొమ్మ చూసిన, అక్కడనే కారంచేడు, చుండూరు గురించి విన్న. 1994ల దండోరా డప్పు మోగినప్పుడు నాకు పద్నాలుగేండ్లు. మాదిగోన్నని గొంతెత్తి చెప్పుకోవచ్చని అప్పుడే తెలిసింది. ఊరేగింపుకు నేను గూడ పోయిన. ముందటి వరసల నిలబడ్డ. ఒక అన్న వచ్చి చెవుల అన్నడు: "తమ్మీ, నువ్వు ఎనుకకుండు. ఫొటోల మంచిగ పడది."

ఆ అన్న మంచోడే. జైలుకు పోయొచ్చినోడు. నాకు పుస్తకాలిచ్చినోడు. అందుకే ఇది రాయాలె. దొర నన్ను ఎనుకకు పొమ్మంటె నాకు ఆశ్చర్యం లేదు. నువ్వంటివి గదనే అన్నా. మన పాటలు, కవితలు ఒకసారి తిరగెయ్యండి. కుంటి చట్టం, గుడ్డి న్యాయం, చెవిటి సర్కారు. తిట్టడానికి మన దగ్గర ఇంకే మాటలూ లేవా? చట్టం కుంటిది కాదు. రెండు కాళ్లతో మంచిగనే నడుస్తుంది, దొర గడీ దిక్కు. మన కులం పేరు తిట్టుగ వాడితె భగ్గుమనే మనం, మన వాడల మనుషుల ఒంటిని తిట్టుగ వాడుతున్నం. ఈ పుస్తకం చదివే కార్యకర్తలు దీనికి జవాబు చెప్పాలె.

అవ్వ సంగతికొస్త. 1995 అక్టోబర్ 24న మల్ల సూర్యగ్రహణం. నాకు పదిహేనేండ్లు. దసరా, దీపావళి సెలవులకు ఇంటికాడున్న. గ్రహణం పట్టినంతసేపు అవ్వ నా ఎడమకాలు ఒళ్లె పెట్టుకొని, కొంగు కప్పి, కదలకుండ కూసుంది. ఆకలైతున్నదంటె గూడ లేవలేదు. పదిహేనేండ్ల కిందటి గ్రహణాన్ని ఇప్పుడు దాటిస్తున్నట్టుండె. వేములాడ రాజన్నకు కోడెను కట్టింది, కొండగట్టు మెట్లెక్కింది, దర్గల దట్టీ కట్టింది. కైకిలి పైసలల్ల సగం మొక్కులకే పోయినయి. 2008ల పోయింది. పోయేముందు రెండు దినాలు ఒకటే మాట: "ఆ దినం నేను తోలు పట్టకపోతె బాగుండు బిడ్డా."

నేను డిగ్రీ చదివి మంచిర్యాలల ప్రైవేటు బళ్లె తెలుగు చెప్పవట్టిన. 2013ల ఒక పొద్దుగాల బళ్లోనే కాలి నరం పగిలి నెత్తురు ఆగలేదు. అక్కడోళ్లు కట్టుకట్టి హైదరాబాదు తీస్కపొమ్మన్నరు. బాపు వెంట వచ్చిండు. బట్టల సంచిల ఆ సిమెంటు కాగితాలు పెట్టుకొచ్చిండు. ఎందుకే అంటె, "ఎవలన్న అడుగుతరేమో" అన్నడు. ఇరవై ఐదేండ్లుగ ఎవ్వరూ అడగలేదు. అయినా తెచ్చిండు.

పెద్ద దవఖానల ఒక చిన్న డాక్టరమ్మ వచ్చింది. ఇంకా చదువుకుంటున్న పిల్ల. స్టూలు లాక్కొని నా ముందట కూసుంది. కాలు రెండు చేతులతో పట్టుకుంది. ఎర్రమచ్చ చూసింది. అడిగింది:

"ఇది ఎప్పటి నుంచి ఉంది?"

నా నోట మాట రాలేదు. బాపు సంచి విప్పి కాగితాలు మంచం మీద పరిచిండు. 1983, 84, 85... పదిహేనేండ్ల పాదాలు. బొగ్గు చెదిరిపోయింది గని గీతలున్నయి. ఆ పిల్ల టేపు తీసి ఒక్కొక్కటి కొలిచి రాసుకుంది. పెద్ద డాక్టరును పిలిచి చూపించింది. ఇంత మంచి రికార్డు ఎవరు పెట్టారని అడిగింది. "నేనేనమ్మా, చెప్పులు కుడ్త" అన్నడు బాపు. ఆ పిల్లది ఏ కులమో నేను అడగలేదు. నాది ఆమె అడగలేదు. కాలు గురించి అడిగింది, అంతే.

నరాల స్కాను, ఎం.ఆర్.ఐ. తీసి పేరు చెప్పిన్రు. క్లిప్పెల్-ట్రెనోనే. 1900ల ఇద్దరు ఫ్రెంచి డాక్టర్లు రాసిపెట్టిన జబ్బు. మచ్చ, ఉబ్బిన నరాలు, పెరిగిన కాలు, మూడూ కలిసి ఉంటయి. నూటపదమూడేండ్ల కిందటే పుస్తకాలకెక్కిన జబ్బు మా జిల్లకు రాలేదు. వచ్చింది గని, బోదకాలని పేరు మార్చిన్రు.

ఎందుకొస్తదో 2012 తర్వాత మెల్లగ తేలింది. కడుపుల పిండం కట్టిన తొలి వారాలల్ల ఒక కణం రెండయ్యేటప్పుడు దాని రాతల ఒక తప్పు పడుతది. పి.ఐ.కె.3సి.ఎ. అని ఒక జన్యువు. పెరగమని, చాలించమని కణానికి చెప్పే పనిల దానికి భాగముంది. అది చెడితె ఆ కణం నుంచి పుట్టిన కణాలన్నీ "పెరుగు, పెరుగు" అన్న మాటే వింటయి. తక్కిన ఒళ్లంతా మామూలే. ఆ తప్పు తల్లి దగ్గరినుంచి రాదు, తండ్రి దగ్గరినుంచి రాదు, పిల్లలకు మామూలుగ పోదు. మేనరికంతో పని లేదు. గ్రహణంతో అసలే లేదు. మా అవ్వ తోలు పట్టిన నాటికి నాకు ఐదో నెల. నా కాలు కథ అంతకు ఎన్నో వారాల ముందే మొదలైంది. సూర్యుడు గ్రహణానికి తయారైతున్నడని ఊరికి తెలియకముందే.

డాక్టరమ్మ పేరు చెప్పినప్పుడు బాపు అడిగింది ఒక్కటే. "గ్రహణంతోని రాలేదా అమ్మా?"

"లేదు పెద్దాయనా. ఎవరి తప్పూ లేదు."

బాపు గోడకు ఒరిగి కూసుండు. "ఐదేండ్లు ముందు చెప్పెటోళ్లుంటె దానికి చెప్పుకుందును" అన్నడు.

ఇది మా దేశంల మా కులానికే జరిగిందని నేననను. 1884ల లండన్ల జోసెఫ్ మెరిక్ అనే బీదోన్ని "ఏనుగు మనిషి" అని దుకాణంల పెట్టి పైసలకు చూపించిన్రు. అతను తన గురించి రాసుకుంటూ, తను కడుపుల ఉన్నప్పుడు తల్లిని జాతరల ఏనుగు బెదిరించిందని, అందుకే ఇట్లయిందని చెప్పుకున్నడు. ఇరవై ఏడేండ్లకు, 1890ల పోయిండు. అతనిది ప్రోటియస్ అనే ఇంకొక అరుదైన జబ్బు అయి ఉండొచ్చని 1986ల డాక్టర్లు రాసిన్రు. ప్రోటియస్‌కు గూడ ఇట్లనే ఒక కణంల పడ్డ తప్పే కారణమని 2011ల తేలింది. అక్కడ ఏనుగు, ఇక్కడ గ్రహణం. రెండు కథలల్ల దోషి తల్లే. తేడా ఒక్కటి. అక్కడ తల్లి ఏనుగుకు బెదిరింది. ఇక్కడ మా తల్లి దొరకు బెదిరింది.

ఇప్పుడు మందు గూడ వచ్చింది. ఆ జన్యువు దారిని అడ్డుకునే అల్పెలిసిబ్ అనే మందును ఇట్లాంటి పెరుగుడు జబ్బులకు 2022ల అమెరికా ఒప్పుకుంది. దాని ధర మా వాడ నోట పలికేది కాదు. మన సర్కారు 2021ల అరుదైన జబ్బుల విధానం తెచ్చింది. 2022ల సాయం 50 లక్షల దాక పెంచింది. మంచిదే. కాని ఆ సాయం జాబితాలకెక్కిన జబ్బులకు. జాబితాకెక్కాలంటె జబ్బుకు పేరుండాలె. పేరుండాలంటె ఎవరో ఒకరు అడగాలె. అరుదైన జబ్బు అంటరు. ఎంత అరుదో ఎట్ల తెలుస్తది? మా లాంటోళ్లు బోదకాలు లెక్కల, పోలియో లెక్కల, పాపం లెక్కల కలిసిపోయి ఎంతమంది ఉన్నరో ఎవరు ఏరి చూసిన్రు?

చివరి సంగతి చెప్పి ముగిస్త. 2018ల తెలంగాణ సర్కారు బోదకాళ్లోళ్లకు నెలకు వెయ్యి రూపాయల పింఛను పెట్టింది. 2019ల అది 2,016 అయింది. అది వాళ్ల హక్కు. దశాబ్దాల తరబడి వాళ్ల వాడలల్ల మోరి కట్టనందుకు ఇచ్చే బాకీ అది, దానం కాదు. మా ఊర్ల రాసుకుంటుంటె నన్ను గూడ పిలిచిన్రు. "నీది బోదకాలే గద, రా" అని. రాసుకునే తమ్ముడు మనోడే. నా దగ్గరున్న కాగితం చూసి మెల్లగ అన్నడు: "అన్నా, ఈ హైదరాబాదు కాగితం దాచిపెట్టు. ఇది చూపిస్తె రాదు."

ముప్పై మూడేండ్లు కాదు మొర్రో అంటె బోదకాలన్నరు. పైసలొచ్చే నాటికి బోదకాలు కాదంటరు. నవ్వొచ్చింది. రెండు వేలు నాకు చిన్న పైసలు కాదు. ప్రైవేటు బడి జీతం ఏపాటిదో అందరికీ ఎరుక. ఒక రాత్రంత ఆలోచించిన. ఆ కాగితం దాస్తె పింఛను వస్తది. దాస్తె మా అవ్వ మల్ల దోషి ఐతది. ఆమె తప్పు లేదని ఈ లోకంల రాసి ఉన్నది ఆ ఒక్క కాగితం మీదనే.

తెల్లారి పోయి కాగితం చూపించిన. రాలేదు. వికలాంగుల శిబిరానికి పోతె శాతం చాలలేదన్నరు. 2016 చట్టం ఏడు రకాల వైకల్యాన్ని ఇరవై ఒకటి చేసింది. నలభై శాతం గీత మాత్రం గీతే. కాలు ఎంత బరువో వాళ్లు కొలిచిన్రు. దాన్ని మోసుకొని ఎంత దూరం వచ్చిన్నో కొలిచే టేపు వాళ్ల దగ్గర లేదు.

బాపు ఇప్పుడు లేడు. లంద పూడిపోయింది. నేను అంగట్ల రెండు సైజులల్ల రెండు జతలు కొని, ఒక్కొక్క దాంట్ల ఒక చెప్పు తొడుక్కుంటున్న. మిగిలిన రెండు చెప్పులు ఇంట్ల పడి ఉంటయి. కుడి చెప్పు కింద పొరలు నేనే అంటిస్త. బాపు అంత నున్నగ రాదు.

కాలు వేరు, కులం వేరు అన్న మిత్రుడా, విన్నవా? నా కాలు ఒక కణం చేసిన తప్పు. దానికి ఎవరూ బాధ్యులు కారు. ఆ కాలును పాపమన్నది, తాకకుండ చీటీ రాసింది, చెప్పులోని మాట నాకెందుకన్నది, ఎనుకకు పొమ్మన్నది మాత్రం మనుషులే. వాళ్లు బాధ్యులే.

2022ల జగిత్యాలల, మంచిర్యాలల సర్కారు మెడికల్ కాలేజీలు వచ్చినయి. మన పిల్లలు గూడ అందుల చదువుతున్నరు. నా తొడమచ్చ మీద నుంచి బస్సులల్ల తెల్లకోట్లు భుజాన వేసుకొని పోతుంటె చూస్త, కడుపు నిండుతది. బిడ్డలారా, మీ దగ్గరికి రేపో మాపో ఒక మాదిగామె, ఒక గోండామె, ఒక మాలామె చంకల పిల్లతో వస్తది. పిల్లకు చెయ్యో కాలో పెద్దగుంటది. మీ పెన్ను పక్కన పెట్టండి. ఆ కాలు చేతులల్ల పట్టుకోండి. ఆ తల్లిని అడగండి, ఎప్పటిసంది అని. ఆమె చెప్పేది రాసుకోండి.